సాల్స్‌బరీ ప్లెయిన్ సైనిక శిక్షణ భూముల్లో బైవేల మీద సైకిల్ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్ కౌంటీలో, సాల్స్‌బరీ నగరానికి ఉత్తరాన పరుచుకుని ఉన్న సుద్ద నేలల మెట్ట ప్రాంతాన్ని సాల్స్‌బరీ ప్లెయిన్ అంటారు. అందులో దాదాపు 38,000 హెక్టార్లు బ్రిటిష్ రక్షణ శాఖ చేతిలో ఉన్నాయి. 1897 నుంచి విడతలవారీగా కొన్న ఈ భూమి ఇప్పుడు ఆ దేశంలోనే అతి పెద్ద సైనిక శిక్షణ ప్రాంతం. అయినా దాని గుండా సామాన్య ప్రజలు నడవడానికి, గుర్రం మీద వెళ్ళడానికి, సైకిల్ తొక్కడానికి హక్కు ఉన్న బైవేల వంటి పాత దారులు చాలా ఉన్నాయి. రెడింగ్, స్విండన్, బేసింగ్‌స్టోక్ వంటి ఊళ్ళలో స్థిరపడిన మన తెలుగువారిలో సైకిల్ అలవాటున్నవారు ఎండలు మొదలయ్యేసరికి ఈ దారుల గురించి అడుగుతూ ఉంటారు. కొన్నేళ్ళుగా నేను అక్కడ తొక్కిన అనుభవంతో వారికి విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబులనే ఇక్కడ ఒకచోట చేర్చాను.

సైన్యం భూమిలోకి మామూలు మనుషులను రానిస్తారా?

రానిస్తారు, కానీ భూమి మొత్తం మీదికి కాదు, దారి మీదికి మాత్రమే. ఈ తేడాను మొదటే మనసుకు పట్టించుకుంటే మిగిలిన జవాబులన్నీ సులువుగా అర్థమవుతాయి. సైన్యం ఈ భూమిని కొనక ముందునుంచే ఊరికీ ఊరికీ మధ్య బండ్లు, గొర్రెల మందలు నడిచిన బాటలు ఉన్నాయి. యజమాని మారినంత మాత్రాన ఆ బాటల మీద ప్రజలకున్న హక్కు పోలేదు. అయితే 1892 నాటి సైనిక భూముల చట్టం కింద రక్షణ శాఖ నిబంధనలు చేసుకోవచ్చు. సాల్స్‌బరీ ప్లెయిన్‌కు 1981లో చేసిన నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం కాల్పులు జరిగే సమయంలో ప్రమాద ప్రాంతంలోకి వెళ్ళడం నేరం. ప్రమాద ప్రాంతం గుండా పోయే బైవే మీద మీ హక్కు నిజమైనదే, కానీ కాల్పులు జరుగుతున్నంతసేపు దాన్ని పక్కన పెట్టాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. శిక్షణ భూమి మధ్యలో సుమారు 100 చదరపు కిలోమీటర్ల మేర ప్రజలకు ఏడాది పొడవునా ప్రవేశం లేదు. దశాబ్దాలుగా ఫిరంగి గుండ్లు పడుతున్న నేల అది. పటంలో అక్కడ దారి ఉన్నట్టు కనిపించినా, ఎవరో ఒకరు ఆ దారిన వెళ్ళిన జాడను ఏదైనా యాప్‌లో పెట్టినా, దాన్ని చూసి మీరు బయలుదేరకూడదు.

బైవే అంటే సరిగ్గా ఏమిటి? కనిపించిన ప్రతి మట్టి దారీ బైవేనా?

కాదు. ఇంగ్లండ్‌లో ప్రజలకు హక్కున్న దారులు నాలుగు రకాలు. ఫుట్‌పాత్ మీద నడవడానికి మాత్రమే హక్కు ఉంది. దాని గుర్తు పసుపు బాణం. బ్రిడిల్‌వే మీద నడిచేవారు, గుర్రపు రౌతులు, 1968 నాటి గ్రామీణ ప్రాంత చట్టం పుణ్యమా అని సైకిల్ తొక్కేవారు కూడా వెళ్ళవచ్చు. దానికి నీలి బాణం. బ్రిడిల్‌వే మీద సైకిల్ తొక్కేవారు మిగిలిన ఇద్దరికీ దారి ఇవ్వాలని ఆ చట్టమే చెబుతుంది. రెస్ట్రిక్టెడ్ బైవే మీద మోటారు లేని వాహనాలన్నీ వెళ్ళవచ్చు. దానికి ఊదారంగు బాణం. చివరిది అన్ని వాహనాలకూ తెరిచిన బైవే. ఎర్ర బాణం ఉంటుంది, మోటారు బండ్లు కూడా తిరుగుతాయి. సాల్స్‌బరీ ప్లెయిన్‌లో ఈ చివరి రకం ఎక్కువ కాబట్టే సైకిల్‌వాళ్ళు అక్కడికి వస్తారు.

చిక్కు ఎక్కడంటే, ఈ హక్కు దారుల పక్కనే సైన్యం తన బండ్ల కోసం వేసుకున్న కంకర బాటలు, కాంక్రీటు బాటలు బోలెడు ఉంటాయి. చూడటానికి అవే శుభ్రంగా, వెడల్పుగా, తొక్కడానికి హాయిగా ఉంటాయి. అసలు బైవే మాత్రం గడ్డిలో రెండు చక్రాల గాడులుగా సన్నగా పోతూ ఉంటుంది. నున్నగా ఉన్న దారి మనదని అనుకోవడమే ఇక్కడ అందరూ చేసే మొదటి తప్పు. ప్రతి కూడలిలో ఆగి పటం చూసుకోవడం తప్ప దీనికి వేరే మందు లేదు.

బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 ఎక్స్‌ప్లోరర్ పటాల్లో బైవే ఆకుపచ్చని కూడిక గుర్తుల వరుసగా, బ్రిడిల్‌వే పొడవాటి ఆకుపచ్చ గీతలుగా, ఫుట్‌పాత్ పొట్టి గీతలుగా ఉంటాయి. ప్రమాద ప్రాంతం అన్న హెచ్చరిక కూడా వాటి మీద అచ్చయి ఉంటుంది. ఈ ప్రాంతానికి 130, 143, 157 నంబర్ల పటాలు ఎక్కువగా పనికొస్తాయి. మొత్తం మైదానాన్ని ఒకే చూపులో చూడాలంటే 1:50,000 ల్యాండ్‌రేంజర్ 184 తీసుకోండి.

మొదటిసారి వెళ్ళేవారు ఏ భాగాన్ని ఎంచుకోవాలి?

నా సలహా తూర్పు భాగం. శిక్షణ భూమిని రెండు ఏ-రోడ్లు (ప్రధాన రహదారులు) మూడు ముక్కలుగా కోస్తాయి. ఏవన్ నది లోయ వెంట పోయే ఏ345కు తూర్పున ఉన్నది తూర్పు భాగం. ఆ రోడ్డుకీ, టిల్స్‌హెడ్ మీదుగా డివైజెస్ వైపు పోయే ఏ360కీ మధ్య ఉన్నది నడిమి భాగం. ఏ360కు పడమర ఉన్నది పడమటి భాగం. లార్క్‌హిల్ ఫిరంగి దళ పాఠశాల కాల్పులకు వాడుకునేది ప్రధానంగా నడిమి భాగాన్ని. 1943లో ఖాళీ చేయించిన ఇంబర్ గ్రామం, దాని చుట్టూ ఉన్న రేంజి, అంటే కాల్పుల అభ్యాస స్థలం, పడమటి భాగంలో ఉన్నాయి.

తూర్పు భాగంలో బుల్‌ఫర్డ్ దగ్గర తుపాకుల రేంజిలు ఉన్నాయి, కాబట్టి అక్కడ జాగ్రత్త అక్కర్లేదని కాదు. అయినా నెదరేవన్, ఎవర్లీ, టిడ్‌వర్త్ ఊళ్ళ మధ్య అల్లుకున్న బైవేల్లో చాలా భాగం మామూలు రోజుల్లో వెళ్ళడానికి వీలుగా ఉంటుంది, ఏదైనా దారి మూసి ఉంటే పక్క దారి దొరుకుతుంది. సిడ్‌బరీ కొండ మీద ఇనుప యుగం నాటి మట్టికోట ఉంది; దాని చుట్టుపక్కల బాటలు తొక్కితే ఈ నేల స్వభావం ఒక్క పూటలో తెలిసిపోతుంది. మొదటి ప్రయాణానికి 25 నుంచి 35 కిలోమీటర్లు చాలు. తారు రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్లు పోయేవారు కూడా ఇక్కడ 10 లేదా 12తో లెక్క వేసుకోవాలి.

రెండో ప్రయాణానికి ఉత్తరపు అంచును ఎంచుకోండి. అప్‌ఏవన్ నుంచి కాస్టర్లీ క్యాంప్ అనే పురాతన కోట మీదుగా రెడ్‌హార్న్ హిల్ వరకు గట్టు వెంట పోయే దారిలో, ఉత్తరాన కింద ప్యూజీ లోయ అంతా పరిచిన పటంలా కనిపిస్తుంది. దక్షిణాన ఉన్న మౌనం మాత్రం ఫిరంగుల ప్రాంతానిది.

కాల్పులు ఎప్పుడు ఉంటాయో ముందుగా ఎలా తెలుస్తుంది?

సాల్స్‌బరీ ప్లెయిన్ కాల్పుల వేళలను బ్రిటిష్ ప్రభుత్వ వెబ్‌సైటులో ప్రకటిస్తారు. ఏ తేదీన, ఏ రేంజిలో, ఏ గంట నుంచి ఏ గంట వరకు అన్నది అందులో ఉంటుంది. ప్రయాణం అనుకున్న రోజు ఒకసారి, బయలుదేరే ముందు రాత్రి ఒకసారి, ఉదయం ఇల్లు కదిలే ముందు ఇంకొకసారి చూడాలని నేను పట్టుబట్టి చెబుతాను, ఎందుకంటే శిక్షణ కార్యక్రమాలు మారుతూ ఉంటాయి. పట్టికలో తేదీల వరుసను రేంజి పేరుతో కలిపి చదవండి. పక్క రేంజికి రాసిన ఖాళీని మన రేంజికి అన్వయించుకోవడం తేలిక.

పట్టిక ఏమి చెప్పినా చివరి మాట జెండాదే. పట్టికలో ఖాళీగా ఉండి జెండా ఎగురుతుంటే దారి మూసినట్టే లెక్క.

దారి మధ్యలో ఎర్ర జెండా ఎదురైతే ఏం చేయాలి?

వెనక్కి తిరగాలి, లేదా ముందే ఆలోచించి పెట్టుకున్న రెండో దారిన వెళ్ళాలి. ప్రమాద ప్రాంతంలోకి దారి ప్రవేశించే చోట వెడెట్ అనే కాపలా గది, జెండా కర్ర ఉంటాయి. పగలు ఎర్ర జెండా, రాత్రి ఎర్ర దీపం ఉంటే లోపల కాల్పులు జరుగుతున్నాయని అర్థం. కాపలా మనిషి కనిపించకపోయినా, ఏ చప్పుడూ వినిపించకపోయినా, గేటు తెరిచే ఉన్నా లోపలికి వెళ్ళకూడదు. గుండు ఎక్కడి నుంచో బయలుదేరి మీరు నిలబడ్డ చోటికి కొన్ని కిలోమీటర్ల అవతల పడవచ్చు, కాబట్టి మీ చెవికి వినిపించే నిశ్శబ్దం ఏమీ చెప్పదు.

ఒక చిన్న సంగతి అనుభవం మీద తెలిసింది. గాలి లేని ఉదయం జెండా ఎగరదు. మంచుకు తడిసి కర్రకు చుట్టుకుని, దూరం నుంచి ఎవరో మరిచిపోయిన గుడ్డపీలికలా వేలాడుతూ ఉంటుంది. కాబట్టి రెపరెపల కోసం చూడకండి. కర్రనే చూడండి, దగ్గరికి వెళ్ళి పైదాకా చూడండి.

ఒక ఏప్రిల్ నెలలో నేను ప్యూజీ స్టేషన్‌లో దిగి, అప్‌ఏవన్ మీదుగా గట్టెక్కి, రెడ్‌హార్న్ హిల్ దగ్గర నుంచి దక్షిణంగా దిగాలని అనుకుని వచ్చాను. పట్టికను ఇంట్లో చూసుకునే బయలుదేరాను, కానీ చదివింది మరుసటి రోజు వరుస. కాపలా గది ముందు జెండా చూసేసరికి నాకు రెండో దారి అంటూ ఏదీ లేదు. సంచిలో ఉన్న పటం కూడా నడిమి భాగానిది మాత్రమే. కాపలా మనిషి మర్యాదగానే వెనక్కి వెళ్ళమన్నాడు. ఆ రోజు మిగిలిన దారంతా లారీలు పోయే రోడ్డు అంచునే తొక్కి, చీకటి పడే వేళకు రైలందుకున్నాను. అప్పటి నుంచి ఈ భూమి మీద ఒక ప్రయాణానికి రెండు దారులు గీయకుండా నేను కదలను. ఒకటి జెండా లేని రోజుకు, ఒకటి జెండా ఉన్న రోజుకు. రెండోది మొదటిదానికి తగ్గకుండా బాగుండేటట్టు గీసుకుంటే వెనక్కి తిరగడం కష్టమనిపించదు. కష్టమనిపించినప్పుడే మనిషి జెండాను చూడనట్టు నటించడానికి సాహసిస్తాడు.

జెండా లేకపోతే సైనికులు కూడా ఉండరా?

ఉంటారు. జెండా అసలు గుండ్లతో జరిగే కాల్పులకు మాత్రమే గుర్తు. ఉత్తుత్తి తూటాలతో, పొగ డబ్బాలతో, చప్పుడు మాత్రమే చేసే పేలుడు సామానుతో జరిగే అభ్యాసాలు శిక్షణ భూమిలో ఎక్కడైనా, ఏ వేళనైనా జరగవచ్చు. పొద మొదట్లో ఆకుల రంగు దుస్తుల్లో కూర్చున్న మనిషి మీరు పది అడుగుల దూరానికి వచ్చేవరకు కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు వేగం తగ్గించి, దారి మీదనే ఉంటూ, పలకరింపుగా చెయ్యెత్తి సాగిపోవడం మంచిది. ఎవరైనా ఆగమంటే ఆగాలి. వారి ముఖాలను, వాహనాలను ఫోటోలు తీయవద్దని నా మనవి. వారు అక్కడ పనిలో ఉన్నారు.

రాత్రిపూట సైనిక వాహనాలు దీపాలు లేకుండా నడిచే అభ్యాసాలు కూడా ఉంటాయి. చీకటి పడ్డాక ఈ దారుల మీద తొక్కవద్దని నేను చెప్పడానికి అదొక్కటే కారణం చాలు.

ట్యాంకు ఎదురొస్తే?

దారి దిగి నిలబడండి. చాలెంజర్ 2 ట్యాంకు బరువు 60 టన్నులకు పైమాటే. లోపలున్న డ్రైవరుకు కనిపించేది చాలా తక్కువ. తన దగ్గరలో ఉన్న సైకిల్ అతనికి కనబడిందని ఎప్పుడూ అనుకోకండి. ట్యాంకులు దాటే చోట్ల హెచ్చరిక బోర్డులు ఉంటాయి; అక్కడ రెండు పక్కలా చూసి, ఇంజను చప్పుడు ఎటు నుంచి వస్తోందో విని, అప్పుడు దాటండి. ఒకటి పోయాక వెంటనే కదలకండి, దాని వెనకే ఇంకొకటి రావడం మామూలు. పొడి రోజుల్లో మొదటి ట్యాంకు లేపిన తెల్లటి దుమ్ములో రెండోది బొత్తిగా కనిపించదు.

నేల మీద లోహపు వస్తువు ఏదైనా కనిపిస్తే?

ముట్టుకోకూడదు, కాలితో కదపకూడదు, జ్ఞాపకంగా తెచ్చుకోకూడదు. వందేళ్ళకు పైగా కాల్పులు జరిగిన నేల ఇది. తుప్పు పట్టిందంటే చచ్చిపోయిందని కాదు. దారి మీదనే ఉండమని ఇంత గట్టిగా చెప్పేది కూడా ఇందుకే. చోటును పటం మీద గుర్తుపెట్టుకుని దూరంగా వెళ్ళి, 999కు ఫోన్ చేసి పోలీసులకు తెలియజేయండి. పిల్లలు వెంట ఉంటే ఈ మాట ఇంటి దగ్గరే చెప్పి తీసుకురండి.

నేల ఎలా ఉంటుంది? ఎలాంటి సైకిల్, ఎలాంటి టైర్లు కావాలి?

పైన పలచని మట్టి, కింద సుద్ద, సుద్దలో చెకుముకి రాళ్ళు. ఈ మూడింటి గురించీ తెలుసుకుంటే సైకిల్ గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఎండిన రోజు సుద్ద దారి గట్టిగా, తెల్లగా, కళ్ళు చెదిరేలా ఉంటుంది. కొంచెం వెడల్పు టైర్లున్న గ్రావెల్ బైక్ దాని మీద హాయిగా పోతుంది. వాన పడిన రోజు అదే దారి సబ్బు రుద్దినట్టు జారుతుంది. నంద్యాల, కర్నూలు వైపు నల్లరేగడిలో వానాకాలం సైకిల్ తొక్కినవారికి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి పేరుకుని చక్రం తిరగకపోవడం ఎలా ఉంటుందో తెలుసు. తడి సుద్ద కూడా అదే పని చేస్తుంది, రంగొక్కటే తేడా. కాబట్టి మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉండాలి, లేదంటే మడ్‌గార్డు తీసేసి రావాలి. సన్నని టైర్ల రోడ్డు సైకిల్ ఇక్కడికి తీసుకురావద్దు. టైరు వెడల్పు కనీసం 40 మిల్లీమీటర్లు ఉండాలన్నది నా లెక్క, శీతాకాలమైతే మౌంటెన్ బైక్ టైర్లే మేలు.

చెకుముకి రాయి సంగతి వేరు. పైన తెల్లటి పొర, పగలగొడితే లోపల నల్లటి గాజులాంటి ముఖం. ట్రాక్టర్ల కింద, ట్యాంకుల కింద నలిగి పగిలిన పెచ్చులు దారి నిండా పరుచుకుని ఉంటాయి. ఒకసారి నా వెనక టైరులోంచి పీకిన పెచ్చు చిటికెన వేలి గోరంత కూడా లేదు, కానీ దాని అంచు బొటనవేలికి తగలగానే రక్తం వచ్చింది. రాతియుగపు మనిషి కత్తులు చేసుకున్నది ఈ రాయితోనే కదా! ట్యూబ్ లేని టైర్లలో సీలెంట్ (చిల్లులను పూడ్చే ద్రవం) పోసుకుని రావడం ఉత్తమం. ట్యూబులు వాడేవారు రెండు అదనపు ట్యూబులు, ప్యాచ్‌ల డబ్బా, పంపు, టైరు పక్కగోడ చీలితే లోపలి నుంచి అడ్డుపెట్టడానికి పాత టైరు ముక్క ఒకటి తెచ్చుకోవాలి. పంక్చర్ వేసే ముందు టైరు లోపల వేలితో కాకుండా గుడ్డతో తడిమి చూడండి.

దారంతా నిండిన నీటి గుంటల పక్కనుంచి గడ్డి మీదుగా తొక్కవచ్చా?

గడ్డి మీదా తొక్కవద్దు, గుంటలోంచీ తొక్కవద్దు. గుంట విషయంలో నాకు నచ్చిన కారణం ఒకటుంది. సైనిక వాహనాల గాడుల్లో నిలిచిన వాన నీటిలో ఫెయిరీ ష్రింప్ అనే అరుదైన చిన్న రొయ్యజాతి ప్రాణి బతుకుతుంది. గుంట ఎండిపోతే దాని గుడ్లు బురదలోనే ఎండి, మళ్ళీ వాన పడేదాకా ప్రాణం పట్టుకుని ఉంటాయి. ఆ బురద ట్యాంకుల పట్టాలకు అంటుకుని ఒక గుంట నుంచి ఇంకో గుంటకు చేరుతుంది. యుద్ధ వాహనాలే ఒక అంగుళం ప్రాణికి ఊరు మారే బండి అయ్యాయి! వసంతంలో ఒక గుంట పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పది నిమిషాలు చూశాను. పాలనీళ్ళలాంటి ఆ నీటిలో అవి వెల్లకిలా ఈదుతూ, ఒంటికున్న కాళ్ళన్నీ అలలా ఆడిస్తూ పోతున్నాయి.

ఇక గడ్డి. సేద్యం, ఎరువులు ఎరగని ఇలాంటి సుద్ద గడ్డి నేల వాయవ్య ఐరోపాలో ఇంత విస్తీర్ణంలో మరెక్కడా మిగలలేదు. సుమారు 20,000 హెక్టార్లు శాస్త్రీయ ప్రాధాన్యం ఉన్న రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. భూమి సైన్యం చేతిలో ఉండటం వల్ల నాగలి రాలేదు, అందువల్ల గడ్డి బతికింది. గుంటకు పక్కగా ఒకరు తొక్కితే రెండోవారు ఇంకాస్త పక్కగా తొక్కుతారు, దారి ఏటేటా వెడల్పవుతుంది. గుంట అడుగు కనిపించకపోతే లోతు తెలియదు కాబట్టి అందులోకి దూకకండి. దిగి, దారి అంచునే సైకిల్‌ను నడిపించుకుని దాటండి.

ఏ నెలల్లో వెళ్ళాలి?

మే చివర నుంచి సెప్టెంబరు దాకా. జూన్‌లో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది దాటాకే. డిసెంబరులో సాయంత్రం నాలుగుకే చీకటి. ఎండాకాలంలో కూడా గాలి గురించి ఆలోచించండి. ఇక్కడ చెట్టు చాటు లేదు, పడమటి గాలి మైదానమంతా ఏ అడ్డూ లేకుండా వస్తుంది. అందుకని ఉదయం ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే గాలికి ఎదురు తొక్కి, తిరుగు ప్రయాణంలో గాలి వీపున తట్టేలా దారి గీసుకోవాలి.

నీళ్ళు, తిండి ఎక్కడ దొరుకుతాయి?

శిక్షణ భూమి లోపల దొరకవు. సుద్ద నేల పడిన వాననంతా పీల్చేసుకుంటుంది, అందుకే మైదానం మీద వాగులు లేవు. టిల్స్‌హెడ్ దగ్గరి టిల్ లాంటి చిన్న నది కూడా పై భాగంలో చలికాలంలోనే పారుతుంది. ఊళ్ళన్నీ లోయల్లోనే ఉన్నాయి. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్ళు పెట్టుకోండి. పులిహోర పొట్లం ఇక్కడ శాండ్‌విచ్ కన్నా బాగా నిలుస్తుందని మా బృందంలో అందరూ ఒప్పుకున్నారు.

రైలులో రావచ్చా?

రావచ్చు. లండన్ పాడింగ్టన్, రెడింగ్ నుంచి వచ్చేవారికి ప్యూజీ; వాటర్‌లూ నుంచి వచ్చేవారికి ఆండోవర్, సాల్స్‌బరీ; పడమటి భాగానికి వార్‌మిన్‌స్టర్ స్టేషన్లు అనుకూలం. దూరప్రాంత రైళ్ళలో సైకిళ్ళకు చోటు తక్కువ కాబట్టి టికెట్టుతోపాటు సైకిల్ చోటు కూడా ముందే రిజర్వు చేసుకోండి.

పిల్లలతో, పెద్ద గుంపుతో వెళ్ళవచ్చా? అనుమతి కావాలా?

స్నేహితులు కలిసి హక్కు దారి మీద తొక్కడానికి అనుమతి అక్కర్లేదు. తెలుగు సంఘం తరఫున ప్రకటన ఇచ్చి, పేర్లు నమోదు చేసుకుని నడిపే కార్యక్రమమైతే రక్షణ శాఖ భూముల నిర్వహణ విభాగాన్ని ముందుగా సంప్రదించాలి. ప్రజా దారుల మీద అనుమతి లేని సైకిల్ పందేలు 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం ప్రకారం నేరం కూడా. గుంపు పెద్దదైతే ఆరుగురు చొప్పున విడగొట్టి, ప్రతి జట్టులో పటం చదవగలిగినవారు ఒకరుండేలా చూడండి. పిల్లలను తూర్పు భాగానికే, అదీ పొడి రోజునే తీసుకురండి. ఉత్తుత్తి తూటాల చప్పుడైనా చిన్నపిల్లలు ఉలిక్కిపడతారు, కాబట్టి అవి ఏమిటో ముందుగా చెప్పండి.

ఎలక్ట్రిక్ సైకిల్ తేవచ్చా?

తేవచ్చు. మోటారు 250 వాట్లకు మించకుండా, గంటకు 25 కిలోమీటర్ల దగ్గర సాయం ఆగిపోయే రకమైతే చట్టం దాన్ని మామూలు సైకిల్‌గానే చూస్తుంది.

సికింద్రాబాద్ కంటోన్మెంటులో, మన దగ్గర ఫైరింగ్ రేంజిల్లో కూడా ఇలాగే తొక్కవచ్చా?

ఇక్కడి అలవాటును అక్కడికి మోసుకెళ్ళవద్దు. కంటోన్మెంటు రోడ్లు వేరు, కాల్పుల భూమి వేరు. సికింద్రాబాద్‌లో రోడ్ల మూసివేత మీద ఏళ్ళ తరబడి వాదన నడిచింది, 2018 మే నెలలో మూసిన కంటోన్మెంటు రోడ్లు తెరవాలని భారత రక్షణ శాఖ ఆదేశించింది. అది ఊళ్ళో రాకపోకల సమస్య. కాల్పుల భూములు మన దేశంలో 1938 నాటి వేరే చట్టం కింద నోటిఫై అవుతాయి. వాటి మధ్య నుంచి ఎర్ర బాణం గుర్తులతో సైకిల్ దారులు ఉండే ఏర్పాటు మన దగ్గర లేదు.

దారిలో చూడదగిన పక్షులు ఉన్నాయా?

ఉన్నాయి, అందులో ఒకటి మనకు బంధువు. బ్రిటన్‌లో 1832 నాటికి అంతరించిన గ్రేట్ బస్టర్డ్ పక్షిని 2004 నుంచి ఈ మైదానంలో తిరిగి ప్రవేశపెడుతున్నారు. రోళ్ళపాడు గడ్డి నేలల్లో మన పెద్దలు చూసిన బట్టమేక పిట్ట దీని కుటుంబానిదే. రెండూ నేల మీదే గూడు పెడతాయి, రెండూ మనిషి అలికిడికి గుడ్లు వదిలేసి లేచిపోతాయి. వసంతం, వేసవి నెలల్లో గడ్డిలోకి అడుగు పెట్టకపోవడానికి ఇది ఇంకొక కారణం. దూరంగా పెద్ద పక్షి కనిపిస్తే దారి మీదే నిలబడి బైనాక్యులర్‌తో చూడండి.

ఇంబర్ గ్రామానికి సైకిల్ మీద వెళ్ళవచ్చా?

ఏడాదిలో ప్రకటించిన కొద్ది రోజులు మాత్రమే. యూరప్ మీద దాడికి అమెరికన్ సైనికులు వీధి పోరాటం నేర్చుకోవడానికి అవసరమని 1943 నవంబరు 1న ఊరివాళ్ళను పిలిచి చెప్పారు. 47 రోజుల్లో, డిసెంబరు 17కల్లా, సుమారు 150 మంది ఇళ్ళు వదిలి వెళ్ళారు. మళ్ళీ రానివ్వలేదు. 1961 జనవరిలో ఆస్టిన్ అండర్‌వుడ్ నాయకత్వాన జనం నిరసనగా ఆ ఊరికి తరలివెళ్ళారు. ఊరు తిరిగి రాలేదు గానీ, చర్చిని చూసే రోజులు దక్కాయి. ఇప్పుడు ఆ రోజుల్లో రోడ్డు తెరుస్తారు. వేసవిలో ఒక రోజు పాత లండన్ బస్సులు కూడా 2009 నుంచి ఆ దారిన నడుస్తున్నాయి.

తెరిచే రోజులను కాల్పుల పట్టికలాగే ప్రకటిస్తారు, తేదీ చూసుకునే వెళ్ళండి. రోడ్డు దిగకండి, ఖాళీ కిటికీల ఇళ్ళలోకి వెళ్ళకండి, అవి శిక్షణ కోసం కట్టినవి కొన్ని, పాతవి కొన్ని, రెండింటి దగ్గరా పేలని సామాను భయం ఉంది. సైకిల్‌ను కంచెకు ఆనించి, మెట్టు మీదున్న సెయింట్ గైల్స్ చర్చిలోకి వెళ్ళవచ్చు. లోపల చల్లగా ఉంటుంది. పాత గోడల మీద చిత్రాల ఆనవాళ్ళు చూడండి, చర్చి ఆవరణలోని సమాధుల పేర్లు చదవండి.